రాజలింగం గారికి చెప్పిన కథ

మొన్నొక ఉదయం నా పుస్తకాలు ఎవరికైనా అంటగట్టి వద్దామని చిక్కడపల్లి వెళ్ళాను. మావారు పోయాక ఇల్లు మారాను. కొత్త ఇంట్లో రెండు గదులు. ఒకదాంట్లో నేనుంటే రెండోదాంట్లో పుస్తకాలుంటున్నాయి, నడవా కూడా వాటిదే. రెండు సంచులు నింపుకుని, ఆటో ఎక్కి, పెద్ద గ్రంథాలయం దగ్గర దిగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి సంచిలోకి తొంగి చూసి, "నవలలా మేడమ్? నవలలు ఎవ్వరు తీస్కపోతలేరు. పోటీ పరీక్షలయి ఉంటె ఇయ్యుండ్రి, కండ్లకద్దుకుంటం" అంది. మాట మెత్తగానే అంది పాపం. నేనే కాస్త ముఖం ముడుచుకున్నాను. డెబ్బై దాటాక కూడా అలగడం మానలేదు నేను, అలకపాన్పు వేసేవాళ్ళే లేరు.

సంచులు ఒక మూల పెట్టి కాసేపు కూర్చున్నాను. లోపల హాలు నిండిపోయి, పిల్లలు వరండాలోకీ, చెట్ల కిందికీ వచ్చేశారు. పాలమూరు నుంచీ, నల్లగొండ నుంచీ వచ్చి, అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి కిరాయికుండే పిల్లలు. నా పక్కనే ఒక అమ్మాయి చెవులు రెండూ అరచేతుల్తో మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో బట్టీ పడుతోంది. బయటికొస్తే వీధి పొడుగునా పుస్తకాల షాపులే. నా చిన్నతనంలో ఊరంతా కలిపి ఇన్ని ఉండేవి కావు. అన్నీ గైడ్లూ, మెటీరియళ్ళూ, పాత ప్రశ్నపత్రాల కట్టలూ. చదివేవాళ్ళు తగ్గిపోయారని సభల్లో మా తోటివాళ్ళు వాపోతుంటారు గానీ, ఇంత చదువు ఈ వీధుల్లో నేనెప్పుడూ చూడలేదు. ఒక్కటే తేడా కనిపించింది. ఆ అమ్మాయి పుస్తకం మూసి లేచి వెళ్ళిపోతే, ఇంతసేపూ ఏం చదివావని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నన్ను అడిగే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు రాజలింగం. ఆయన కొట్టు ఎక్కడుండేదో చూద్దామని సందులోకి నడిచాను.

చిక్కడపల్లి పెద్ద రోడ్డు మీంచి అశోక్‌నగర్ వైపు తిరిగే సందులో, రెండు తలుపుల వెడల్పు మాత్రమే ఉన్న అద్దె పుస్తకాల కొట్టు అది. ఇప్పుడక్కడ జిరాక్స్ మిషన్లు మూడు గడగడలాడుతున్నాయి. అప్పుడు ఆ గడప ఎక్కుతుంటేనే మైదా జిగురు వాసన కొట్టేది. చిరిగిన పుస్తకాలను ఆయనే కుట్టి, జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, సిమెంటు సంచుల కాగితంతో అట్టలు వేసేవాడు. జిగురు వాసన, కలరా ఉండల వాసన, సందు చివర ఇరానీ హోటల్లోంచి వచ్చే చాయ్ వాసన, ఎండాకాలమైతే లోయర్ ట్యాంక్‌బండ్ వైపు నుంచి గాలి మోసుకొచ్చే మురుగు వాసన, అన్నీ కలిసి పుస్తకాలకు పట్టేవి. మా అమ్మ అయితే అద్దె నవలను దండెం మీద కాసేపు ఆరేసి గానీ చేత్తో ముట్టుకునేది కాదు. నాకు మాత్రం పుస్తకం విప్పగానే మొదట ముక్కు ఆనించే అలవాటు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, కొత్త పుస్తకాల్లో ఏ వాసనా దొరకదు గానీ.

రాజలింగం గారు పొడుగ్గా, సన్నగా, తెల్ల లాల్చీ పైజమాలో ఉండేవాడు. నిజాం రోజుల్లో ఉర్దూ బడిలో చదివి, ఏదో కచేరీలో కాగితాలు రాసే పని చేశాడు. ఆయన దస్తూరీ చూసి పైవాళ్ళు మెచ్చుకునేవాళ్ళట. తర్వాత కచేరీలో ఉర్దూ పోయింది, ఆయన పనీ పోయింది. కొట్టు పెట్టింది ఆయన భార్య. ఆవిడకి తెలుగు నవలలంటే ప్రాణం. పగలంతా కొట్టులో కూర్చుని చదివి, సాయంత్రం అన్నాలు తినేటప్పుడు ఆ రోజు చదివిన కథ ఆయనకు చెప్పేదట. ఆవిడ జబ్బు చేసి పోయింది. పుస్తకాలు మిగిలాయి. చెప్పేవాళ్ళు లేరు. ఆయనకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. పుట్టి పెరిగిన భాషే, అక్షరాలే తెలియవు. ఆ తరం వాళ్ళకు ఈ ఊళ్ళో అదేమంత వింత కాదు గానీ, తెలుగు పుస్తకాల కొట్టువాడికి మాత్రం అది సిగ్గుపడే సంగతే. అందుకని ఎవరికీ చెప్పేవాడు కాదు.

మరి కొట్టు ఎలా నడిపేవాడంటే, పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్ళను ఊరికే పోనిచ్చేవాడు కాదు. "కత జెప్పి పో" అనేవాడు. తొందరలో ఉన్నవాళ్ళు నాలుగు మాటల్లో చెప్పి పోయేవాళ్ళు, తీరికున్నవాళ్ళు బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుని చెప్పేవాళ్ళు. నిజంగా చదివారో లేదో పరీక్ష పెడుతున్నాడని అందరూ నవ్వుకునేవాళ్ళు. విన్న కథను ఆయన పుస్తకం చివరి అట్ట లోపల ఉర్దూలో, చీమల బారులా చిన్న అక్షరాలతో రాసుకునేవాడు. తర్వాత ఎవరైనా కొత్త పుస్తకం కావాలని వస్తే, ముందు వాళ్ళ ఇంటి సంగతి అడిగేవాడు. "ఏం పరేషాన్ ఉంది?" అని హకీములా అడిగి, వాళ్ళు చెప్పింది విని, లేచి రెండు మూడు అట్టలు తిప్పి చూసి, "ఇగో, ఇది తీస్కపో, నీకు పనిజేస్తది" అని ఇచ్చేవాడు. కోడలితో పడనివాళ్ళకో పుస్తకం, పరీక్ష తప్పినవాళ్ళకో పుస్తకం. తన బల్ల వెనకాల చేతికందే ఎత్తులో ఒక అర ఉండేది. మరీ దుఃఖంలో ఉన్నవాళ్ళ కోసం ఎంచి పెట్టినవి అందులో ఉండేవి. ఆ అరలోకి ఏ పుస్తకం వెళ్ళాలన్నా, చదివినవాళ్ళు చెప్పిన మాటే ఆధారం.

ఈ రహస్యం నాకెలా తెలిసిందంటే, ఒకసారి ఏదో నవల పేరు నోరు తిరక్క కాగితం మీద రాసి చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, కొట్టులో ఇంకెవరూ లేరని చూసుకుని, "నువ్వే సదువు బిడ్డా. నాకు రాదు" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. చెప్పనని ఆయనకెందుకో నమ్మకం.

అది తెలంగాణ కావాలని ఊరంతా మొదటిసారి రేగిన ఏడాది. నేను నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో పి.యు.సి. చదువుతున్నాను, లేక చదవాల్సి ఉంది. కాలేజీలు మూసేశారు. రోజూ ఊరేగింపులు, రాళ్ళు, లాఠీలు, కర్ఫ్యూ. మాది తణుకు దగ్గర. నాన్నగారి ఉద్యోగం మూలాన వచ్చి అశోక్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. గొడవలు ముదిరాక అమ్మ తమ్ముళ్ళిద్దర్నీ తీసుకుని తణుకు వెళ్ళిపోయింది. నాన్నగారికి వండిపెట్టే మనిషి కావాలి కనుక నన్ను ఉంచేశారు. "నాలుగు వారాలేనమ్మా" అంది అమ్మ రిక్షా ఎక్కుతూ. అవి ఎన్ని వారాలయ్యాయో లెక్కపెట్టడం కొన్నాళ్ళకు నేనే మానేశాను.

తెల్లవారుజామున నల్లా వచ్చేది. బిందెలు పట్టి, బొగ్గుల కుంపటి రాజేసి, డికాషన్ దించి, నాన్నగారికి కాఫీ ఇచ్చి, తొమ్మిదింటికల్లా అన్నం వండి కారియర్ కట్టేదాన్ని. ఆయన చెప్పులేసుకుంటూ రోజూ ఒకే మాట అనేవారు. "బయట నోరు విప్పకమ్మా. యాస పట్టుకుంటారు." నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకు చెప్పే మనిషి, ఆ ఏడాది ఆ మాట అనడం మానేశారు. కూరగాయల బండి దగ్గర వేలితో చూపించి కొనేదాన్ని. కిరాణా కొట్టుకు చీటీ రాసి తీసుకెళ్ళేదాన్ని. పక్క వాటాలోవాళ్ళు మంచివాళ్ళే, కానీ మమ్మల్ని చూసి తలుపు దగ్గరగా వేసుకునేవాళ్ళు, మేమూ వేసుకునేవాళ్ళం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం పాలు పొంగిపోతుంటే "అయ్యో" అన్నాను. ఆ మాట విని నేనే ఉలిక్కిపడ్డాను. పదహారేళ్ళ పిల్ల, వాగుడుకాయ అని బంధువులంతా పేరుపెట్టిన పిల్ల, అలా అయిపోయింది.

నోరు విప్పడానికి నాకున్న ఒకే ఒక చోటు ఆ స్టూలు. కర్ఫ్యూ లేని రోజు మూడు గంటలకు తలుపు తాళం వేసి, పుస్తకం పైట కింద పెట్టుకుని, సందుల్లోంచి గబగబా నడిచి వెళ్ళేదాన్ని. మొదటిసారి భయపడుతూనే చెప్పాను, "బాబాయి గారూ, నా మాట తేడాగా ఉంటుందేమో..." అని. ఆయన జిగురు కలుపుతూ తలెత్తకుండానే, "నాకూ తెలంగాణ రావాలనే ఉన్నది బిడ్డా. గా లొల్లి గాడ్నే. ఈడ కత కతనే. నువ్వు జెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన వినే పద్ధతి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. జిగురు కుంచె చేతిలో అలాగే ఉండిపోయేది. "అరే, గట్లెట్ల?" అనేవాడు. విలన్‌ను తిట్టేవాడు. ఎవరైనా ఏడిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. ఇంట్లో నేను చెప్పే కబుర్లకు ఊఁ కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు గానీ, ఇలా వినేవాళ్ళు ఎప్పుడూ లేరు.

కథ అయిపోతే ఇంటికి వెళ్ళిపోవాలి. అదే నా కష్టం. అందుకని కథలు సాగదీయడం మొదలుపెట్టాను. పుస్తకంలో లేని మేనత్తను తెచ్చేదాన్ని, లేని వాన కురిపించేదాన్ని, రెండు పేజీల పెళ్ళిని పావుగంట చేసేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆయన నాకు లోకువ కాలేదు, అది మాత్రం ఒట్టు. కానీ ఆయన నమ్ముతున్నాడని తెలిసి, ఆ నమ్మకం మీద కూర్చుని కాళ్ళూపాను. పుస్తకం విప్పి సరిచూసుకోలేడని కూడా తెలుసు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంతలో ఒక నవల వచ్చింది. అందులో ఒక కొడుకు తల్లితో పోట్లాడి ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు. తల్లి ఊరూరా వెతుకుతుంది. చివరికి ఎక్కడో ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి వెళ్ళేసరికి పోయి ఉంటాడు. ఆ కథను నేను రెండు రోజులు చెప్పాను. రెండో రోజు తల్లి ఆసుపత్రి మెట్లెక్కే దగ్గరికి వచ్చాను. బయట సన్నగా తుంపర. రాజలింగం గారు ముందుకు వంగి, "బతికే ఉన్నడా?" అన్నాడు. ఆయన ముఖం చూశాను. భార్యను ఏ మెట్లెక్కి చూసి వచ్చాడో ఏమో, ఆ ముఖం చూస్తూ లేడని ఎవరూ చెప్పలేరు. అంతే కాదు, లేడంటే కథ అయిపోతుంది. నేను తాళం వేసిన ఇంటికి వెళ్ళాలి. "ఉన్నాడు బాబాయి గారూ. తల్లిని చూసి లేచి కూర్చున్నాడు" అన్నాను.

ఆ తర్వాత ఇంకో రోజు పట్టింది. కొడుకును రిక్షాలో ఇంటికి తీసుకొచ్చాను. తల్లి గడపలో నిలబెట్టి దిష్టి తీసింది. నీళ్ళు కాచి తలంటు పోసింది. ఏం వండిందని అడిగాడు ఆయన. ఆవపెట్టి పనసపొట్టు కూర వండిందన్నాను. అది మా అమ్మ చేసే కూర. అమ్మ వెళ్ళి అప్పటికి ఎన్నాళ్ళైందో, ఆ కూర గురించి వాసనతో సహా చెప్పాను. "పనసపొట్టా? గదెట్ల వండుతరు?" అని అడిగి, నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, "మంచి కత బిడ్డా" అన్నాడు. కలం తీసి చివరి అట్ట నిండా రాశాడు. లేచి ఆ పుస్తకాన్ని తన వెనకాల అరలో పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ అర ఎవరి కోసమో నాకు తెలుసు. అయినా ఆ క్షణాన సంతోషమే వేసింది, నేను చెప్పిన కథకు అంత మర్యాద దక్కిందని.

నారాయణగూడ బడిలో పాఠాలు చెప్పే శకుంతల టీచర్ ఆ కొట్టుకు పాత చందాదారు. రాజలింగం గారి భార్యకు స్నేహితురాలు కూడా. ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగిన మనిషి. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు రవీందర్ ఊరేగింపులో పట్టుబడి జైల్లో ఉన్నాడు. ఏ జైల్లో ఉన్నాడో కొన్నాళ్ళు తెలియలేదు, తెలిశాక చూడనివ్వలేదు. ఆవిడకు రాజలింగం గారు ఏ పుస్తకం ఇచ్చి ఉంటాడో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆవిడ దాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చిన రోజున నేను స్టూలు మీద ఉన్నాను. కొట్టులో ఇంకో ఇద్దరు మగవాళ్ళు అరలు చూసుకుంటున్నారు. ఆవిడ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, చేయి దాని మీదే ఉంచి, "రాజలింగం, ఆఖరి అట్ట మీద నువ్వేం రాసినవ్?" అంది.

"కొడుకు ఇంటికొస్తడని రాసిన టీచరమ్మా."

"వస్తలేడు. దవాఖానల సచ్చిపోయిండు. తల్లి పొయ్యేసరికి మొకం మీద గుడ్డ కప్పి ఉన్నది." ఆవిడ అరవలేదు. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. "నేను ముందుగాల నువ్వు రాసిందే సదువుకున్న. తలంటు పోసింది, కూర వండింది, అన్ని రాసినవ్. గందుకే ధైర్యం జేసి సదివిన. నిన్న పగలంత సదివిన. ఆఖరి పేజీల ఏమున్నదో నీకు తెల్వదా? నా ఇంట్ల సంగతి తెల్సి గూడ ఇచ్చినవా?"

రాజలింగం గారు పుస్తకం వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఒక్క క్షణమే. కోపం లేదు ఆ చూపులో. అడుగుతున్నట్టుంది. నేను తల దించుకున్నాను. అంతకు మించిన జవాబు ఆయనకు అక్కర్లేకపోయింది.

"నాకు తెలుగు సదువ రాదు టీచరమ్మా" అన్నాడు.

అరల దగ్గరున్న ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఒకతను కిసుక్కున నవ్వాడు. శకుంతల టీచర్ అర్థం కానట్టు చూసింది. "రాదంటె? ఇన్నేండ్ల నుంచి నడుపుతున్నవ్ గదా కొట్టు?"

"ఆమె ఉన్నప్పుడు ఆమె జెప్పేది. ఇప్పుడు వచ్చేటోళ్ళు జెప్తరు, రాసుకుంట. ఇది నేనే తప్పు సమజ్ జేస్కున్న. మాఫ్ జెయ్యి."

"ఎవరు జెప్పిన్రు నీకు? పనసపొట్టు కూర మన దిక్కు ఎవరింట్ల వండుతరు?"

"యాదికి లేదమ్మా" అన్నాడు ఆయన.

ఆ రోజుల్లో నా పేరు బయటికొస్తే, దాని వెనకాలే ఆంధ్రోళ్ళ పిల్ల అనే మాట కూడా వచ్చేది. జైల్లో కొడుకున్న తల్లితో ఆంధ్రోళ్ళ పిల్ల ఆడుకుందన్న మాట సందు దాటడానికి ఎంతసేపు? పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఆయన అదంతా ఆలోచించే ఉంటాడు. ఎన్నేళ్ళుగానో దాచుకున్న తన సిగ్గును నలుగురిలో బల్ల మీద పెట్టి, నన్ను దాచాడు. నేను, నేనే చెప్పానని ఒక్క మాట అనలేకపోయాను. బయట నోరు విప్పొద్దని నాన్నగారు చెప్పారు కదా అని ఆ సాయంత్రం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రోజూ అక్కడ గంటసేపు వాగే పిల్లకు ఆ ఒక్కపూటే ఆ బుద్ధి గుర్తుకొచ్చింది.

రెండు రోజుల తర్వాత వెళ్ళాను. ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు, నంబరు చూశాడు, అరలో పెట్టాడు. నేను స్టూలు దగ్గర నిలబడ్డాను. "ఏం పుస్తకం గావాలమ్మా? మీరే చూస్కోండ్రి" అన్నాడు. అమ్మా అన్నాడు. మీరు అన్నాడు. బిడ్డా అనలేదు. కథ చెప్పి పొమ్మనలేదు. మాటలో కరుకుదనమేమీ లేదు, వచ్చినవాళ్ళందరితో అన్నట్టే అన్నాడు. ఏదో ఒక పుస్తకం లాక్కుని బయటికొచ్చాను. నారాయణగూడ చౌరస్తా దాకా ఏడుస్తూ నడిచి, అక్కడ నలుగురూ చూస్తున్నారని కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వెనక్కి తిరిగి ఇంటికి నడిచాను. చదివిన పుస్తకాలన్నీ ఆ తర్వాత లోపలే ఉండిపోయాయి. చదివినదాన్ని ఎవరికీ చెప్పకపోతే సగమే చదివినట్టని నాకప్పుడే తెలిసింది. ఇవాళ గ్రంథాలయం చెట్ల కింద చెవులు మూసుకుని చదివే పిల్లలు గుర్తు పెట్టుకునేది పరీక్ష హాలు కోసం. వాళ్ళను తప్పు పట్టను, అదే వాళ్ళ బతుకు. నేను ఆ తర్వాత యాభై ఏళ్ళు కథలు రాశాను, అచ్చేశారు, సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. కథ చదివి "బతికే ఉన్నడా?" అని ముందుకు వంగి అడిగిన మనిషి మాత్రం మళ్ళీ తగల్లేదు.

కొన్ని వారాలకు గొడవలు కాస్త సద్దుమణిగాయి. జైళ్ళలో ఉన్న విద్యార్థులను వదిలిపెడుతున్నారని నాన్నగారు పేపరు చూసి చెప్పారు. శకుంతల టీచర్ గారి అబ్బాయి కూడా వచ్చేశాడట, చిక్కిపోయాడు గానీ బాగానే ఉన్నాడట అని పక్క వాటా ఆవిడ చాలా రోజుల తర్వాత తలుపు తీసి చెప్పింది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కొడుకు వచ్చినందుకని చెబితే నేను మంచిదాన్నవుతాను, కానీ అది సగమే. ఇక నా తప్పు అంత పెద్దది కాదనిపించింది, ఇప్పుడు చెబితే రాజలింగం గారు మళ్ళీ బిడ్డా అంటాడనిపించింది. చెప్పాల్సిన మాటలన్నీ పొద్దుటి నుంచి కుంపటి ముందు కూర్చుని వల్లించుకున్నాను. "బాబాయి గారూ, మీరు తప్పుగా అర్థం చేసుకోలేదు. నేనే అబద్ధం చెప్పాను. ఇంటికి వెళ్ళబుద్ధి కాక చెప్పాను." ఏ మాట దగ్గర గొంతు తడబడుతుందో ఆ మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. మూడు అయ్యీ కాకముందే తాళం వేశాను.

గడప దగ్గరికి వెళ్ళేసరికి లోపల ఎవరిదో చదివే గొంతు వినిపించింది. స్టూలు మీద శకుంతల టీచర్ కూర్చుని ఉంది. ఒడిలో పుస్తకం. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి నెమ్మదిగా చదువుతోంది. రాజలింగం గారు కళ్ళజోడు సవరించుకుని, ఆవిడ వేలు వెంటే తన చూపును నడిపిస్తున్నాడు. ఒక మాట దగ్గర ఆవిడ ఆగింది. ఆయన పెదవులు కదిపి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఆ మాట పలికాడు. "శాబాష్" అంది ఆవిడ. ఆయన నవ్వాడు. పళ్ళు కనపడేట్టు, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నాకు ఆ నవ్వు కొత్త. నేను చెప్పిన ఏ కథకూ ఆయన అలా నవ్వలేదు.

నా నీడ పడి ఆవిడ తలెత్తింది. నన్ను కాసేపు చూసింది. పనసపొట్టు కూర ఎవరింట్లోదో ఆవిడకు తెలిసిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. బల్ల పక్కనున్న పుస్తకాల కట్టను చేత్తో పక్కకు జరిపి, "కూసో బిడ్డా. నువ్వు గూడ ఇను. మంచి పుస్తకం" అంది.

నేను రాజలింగం గారి వంక చూశాను. ఆయన తలెత్తితే చాలనుకున్నాను. పొద్దుటి నుంచి వల్లించినదంతా నాలుక మీదే ఉంది. ఆయన తర్వాతి మాట మీద వేలు పెట్టుకుని, దాన్ని లోలోపల కూడబలుక్కుంటున్నాడు. తలెత్తలేదు.

"పనుందండీ" అని చెప్పి గడప దిగాను. ఇంట్లో నాకు ఏ పనీ లేదు.